ట్యాంకు మూత మీది స్క్రూ

బోయిగూడలోని ఆ మెకానిక్‌ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

ఇరవై ఏళ్లుగా కాకినాడ రేవులో పడవ మోటార్లు బాగుచేస్తున్నాను. అలాంటి నాకు మా బావ మోటారు లొంగలేదు. సముద్రంలో కాసేపు నడిచి, బలం తగ్గి ఆగిపోయేది. నా కొట్టులో మాత్రం చక్కగా తిరిగేది. కార్బురేటరు విప్పాను, ప్లగ్గులు మార్చాను. చివరికి సికింద్రాబాద్‌లో ఎవరో ఉన్నాడు, చూపించమన్న బావ పోరు పడలేక మోటారునీ ఖాళీ ట్యాంకునీ రైల్లో అక్కడికి తీసుకెళ్లాను.

బోయిగూడలో జనరేటర్లు బాగుచేసే ఆ యాదగిరి సముద్రమే చూడలేదట. ట్యాంకులో పెట్రోలు పోసి మూత పెట్టి, మోటారుని నీళ్ల డ్రమ్ముకి తగిలించి స్టార్ట్ చేశాడు. పానా ముట్టకుండా చాయ్ తెప్పించాడు.

"ఆగనియ్యన్నా. బీమారీ ఏందో అదే చెప్తది."

రెండో చాయ్ తాగుతుండగా మోటారు మూలిగి ఆగింది. అతను ట్యాంకు మూత మీది చిన్న స్క్రూ వదులు చేశాడు. బుస్సుమంటూ గాలి లోపలికి పోయింది. తాడు లాగితే మోటారు అందుకుంది, మళ్లీ ఆగలేదు.

"గాలి పోకుంటే పెట్రోల్ ఎట్ల గుంజుతదన్నా? గీ స్క్రూ ఎవరు బిగించిన్రు?"

ఉప్పునీళ్లు పడకూడదని బిగించింది నేనే. కొట్టులో మూత తీసి నడిపేవాణ్ణి కాబట్టి నాకు తెలియలేదు.

"మా బావే," అన్నాను.

"ఒక్కసారన్న సముద్రం చూడాలె అన్నా," అన్నాడతను.

మా వైపు మేలు చేసినవాళ్లని మా ఊరు రండని నాలుగుసార్లు పిలవందే కదలం. అతను మా రేవు చూస్తే ఫర్వాలేదు. మా రేవు అతణ్ణి చూస్తేనే నా కొట్టు మూతపడుతుంది.

రైలుకి టైమైందని లేచాను. నా రైలుకి ఇంకా ఐదు గంటలుంది.