దింపు మాస్టారి పరీక్ష

కోనసీమలో మనిషిని ఏ ప్రశ్నయినా అడగొచ్చు. షుగరెంతుంది అనొచ్చు, అబ్బాయికి సంబంధం ఎందుకు తప్పిపోయింది అనొచ్చు, కోడలు పుట్టింటి నుంచి ఎప్పుడొస్తుంది అని కూడా అనొచ్చు. అన్నిటికీ కూర్చోబెట్టి మరీ వివరంగా చెబుతారు. కూలి ఎంత అని మాత్రం అడగకూడదు. ఈ సంగతి అమలాపురంలో ఒక శిక్షణ కేంద్రంలో కాంట్రాక్టు ఉద్యోగానికి చేరాక గాని నాకు తెలియలేదు.

నా ఉద్యోగం పేరు కౌన్సెలర్. చేసే పని పట్టిక నింపడం. చుట్టుపక్కల ఏ పనికి మనుషులు కావాలి, కూలి ఎంత ఇస్తారు, ఆ పని నేర్చుకోడానికి ఎంత శిక్షణ కావాలి అని మూడు గళ్ళు. సంచీ తగిలించుకుని బస్సెక్కాను. రావులపాలెంలో అరటిగెలలు లారీకెత్తే ముఠా మేస్త్రిని కూలి సంగతి అడిగితే "ఏదోనండి, మీ దయ" అన్నారు. నేనాయన మీద ఏనాడూ దయ చూపించిన పాపాన పోలేదు. రాజోలు దగ్గర రొయ్యల చెరువుల మోటార్లు బాగుచేసే ఆయన "ముందు మజ్జిగ పుచ్చుకోండి" అన్నారు. మూడు గ్లాసులు తాగాను. గడి మాత్రం నిండలేదు.

మలికిపురంలో కొబ్బరి వ్యాపారి ఒక్కరే సూటిగా మాట్లాడారు.

"కూలి సంగతి తర్వాతండి, ముందు మనిషిని చూపించండి. దింపేవోడు దొరకాలేగానీ, ఆయన అడిగిందే కూలండి. కాయలు చెట్టుమీదే ఎండిపోతన్నాయండి బాబూ!"

దింపు అంటే చెట్టెక్కి కొబ్బరిగెలలు కోసి దించడం. ఆ పని తెలిసినవాళ్ళకు వయసు మీదపడింది, వయసున్నవాళ్ళకు ఆ పని అక్కర్లేదు. మొదటి వరసలో దింపు అని రాసి, పక్కనే ఒక చిన్న లెక్క వేసుకున్నాను. చెయ్యి తిరిగిన దింపు మనిషి పదిరోజుల్లో తెచ్చుకునేది నా నెల జీతం. నేను చదివింది ఎమ్.కామ్., ఆ పైన కంప్యూటర్ డిప్లొమా. నా ఉద్యోగాన్నే ఆ పట్టికలో రాయాల్సివస్తే శిక్షణ గడి చాలక పక్క కాగితం అతికించాలి, మనుషులు కావాలన్న గడిలో సున్నా చుట్టాలి. ఆ సాయంత్రం ఇంట్లో ఎవరు పలకరించినా విసుక్కున్నాను.

నా పట్టిక చూసి పైవాళ్ళు దింపులో ఆరు రోజుల శిక్షణ పెట్టమన్నారు. చెట్టెక్కే యంత్రాలు, హెల్మెట్లు, నడుం బెల్టులు వచ్చాయి. నేర్పే మనిషి రాలేదు. నాకు వెంటనే ముక్తేశ్వరం బాబాయిగారు గుర్తొచ్చారు. బాబాయి అంటే చుట్టం కాదు. నేను గౌన్లు వేసుకునే రోజుల నుంచీ మా తోటలో దింపు ఆయనదే. కింద నుంచి తల ఎత్తి చూస్తే ఆయన అరికాళ్ళు మాత్రమే కనబడేవి. చిన్నప్పుడు ఆయన ముఖం కంటే ఆ అరికాళ్ళే నాకు బాగా గుర్తు.

వెళ్ళి, దింపు నేర్పమని అడిగాను. ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించి, "పాపగారూ, మీకొక్కరికే చెబుతున్నానండి. మోకాళ్ళు పోయేయండి. రోజుకి ఒక్క చెట్టంటే ఎక్కగలను, రెండోది నా వల్ల కాదండి. ఎవరికీ చెప్పకండేం? తెలిస్తే రేపట్నించి నన్నెవరూ పిలవరండి" అన్నారు.

నా సంచీలో నొప్పుల బామ్ ఉంటే తీసి ఇచ్చాను. పుచ్చుకోలేదు.

"ఒద్దండి. నలుగుర్లోకీ ఎల్లినప్పుడు ఆ వాసనొచ్చిందంటే నా పని అయిపోయినట్టేనండి."

ఆయనకు ఈ మాస్టారి ఉద్యోగం ఎంత అవసరమో నాకు అప్పుడు అర్థమైంది. చెట్టెక్కకుండా చెట్టు మీద బతకడానికి ఆయనకు మిగిలిన దారి అదొక్కటే. మోకాలి సంగతి ఎవరికీ చెప్పనని మాటిచ్చాను.

అక్కడొక తిరకాసు ఉంది. నేర్పేవాళ్ళకు సర్టిఫికెట్ ఉండాలి. సర్టిఫికెట్ కావాలంటే ముందు ఆరు రోజులు నేర్చుకుని, పరీక్షలో నెగ్గాలి. నలభయ్యేళ్ళు చెట్లెక్కిన మనిషి పేరు హాజరుపట్టీలో పన్నెండో నెంబరుగా, నేర్చుకునేవాళ్ళ కింద రాశాను. రాస్తుంటే నాకే సిగ్గేసింది. మొదటి బ్యాచ్‌కి సర్టిఫికెట్ ఉన్న మాస్టారు లేరు కాబట్టి పాఠం ల్యాప్‌టాప్‌లో వీడియో చెబుతుందన్నారు. వీడియో అరగంటలో అయిపోయింది. ఆ తర్వాత ఆరు రోజులూ నేర్పిందీ ఆయనే, నేర్చుకున్నట్టు సంతకం పెట్టిందీ ఆయనే.

మొదటి రోజు ఒక్కరిని కూడా చెట్టు దగ్గరికి పోనివ్వలేదు. అరుపులు నేర్పారు. పైకెళ్ళాక కత్తి తీసేముందు "కిందెవరూ లేరు కదండీ?" అని కేక వెయ్యాలి. కిందున్నవాళ్ళు దూరంగా జరిగి "ఆయ్" అనాలి. ఆ ఆయ్ వినబడేదాకా కత్తి నడుం దగ్గరే ఉండాలి. పదకొండు మంది రోజంతా చెట్ల కింద తిరుగుతూ ఇదే అరుపు. టైమ్‌టేబుల్ పట్టుకుని నేను పోట్లాటకు దిగాను.

"బాబాయిగారూ, ఇందులో అరుపులకి గంట లేదండీ!"

"పైనున్నోడికి మట్టల్లోంచి కింద కనపడదండి. కిందున్నోళ్ళే చెప్పాలండి. అది రానోడికి ఎక్కడం ఎందుకండి?" అన్నారు.

ఆ పదకొండు మందిలో అందరికంటే పెద్ద గొంతు కువైట్ నుంచి తిరిగొచ్చిన ఒకావిడది. అక్కడ ఎనిమిదేళ్ళు ఇంటిపని చేసి వచ్చింది. ఆడమనిషి చెట్టెక్కడమేమిటని చేర్చుకునేటప్పుడు నేనే నసిగాను. ఒప్పుకోవడానికి నాకు ఇష్టం లేకపోయినా అది నిజం. "ఆరో అంతస్తులో కిటికీ బైట నిలబడి అద్దాలు తుడిచేనండి. ఈ చెట్టెంతండి?" అంది. మూడో రోజుకి యంత్రం మీద ఆవిడ కాళ్ళు కుట్టుమిషను తొక్కుతున్నంత తేలిగ్గా ఆడాయి.

ఏడో రోజు పరీక్ష. విజయవాడ నుంచి ఒక పరీక్షాధికారి వచ్చాడు. చిన్నవాడే. తెల్ల చొక్కా, ఎర్ర హెల్మెట్. మనిషి మంచివాడే గాని నిబంధనలకు మహా భయపడతాడు. చెట్టు, మనిషి, కోసిన గెల మూడూ ఒకే వీడియోలో పడాలట. అందుకని ఫోను పైకెత్తి సరిగ్గా చెట్టు మొదట్లో నిలబడ్డాడు. ముందు మాస్టారి పరీక్ష అన్నాడు. పది నిమిషాల్లో ఎక్కి ఒక గెల దించాలి.

బాబాయిగారు బెల్టు కట్టుకుని, యంత్రం వంక ఒకసారి చూసి పక్కన పెట్టేసి, కాళ్ళకు తన పాత తాడే తగిలించుకున్నారు. ఆ ఎక్కడం చూసి అందరూ మురిసిపోయారు. నేను మాత్రం ఆ మోకాళ్ళనే చూస్తున్నాను. పైకెళ్ళాక కేక వినబడింది.

"కిందెవరూ లేరు కదండీ?"

"కానివ్వండి, వీడియో తీస్తున్నా!" అన్నాడు పరీక్షాధికారి, ఉన్నచోటే ఉండి.

"తప్పుకోండి బాబూ!"

"పర్లేదు, నాకు హెల్మెట్ ఉంది!"

"కాయకి తెలీదు కదండీ!"

అందరూ నవ్వారు. ఆయన మాత్రం కత్తి తియ్యలేదు. నేను వెళ్ళి జరగమన్నాను. జరిగితే గెల వీడియోలో పడదు, పడకపోతే పరీక్షే చెల్లదు అన్నాడు. పైన ఒకరు, కింద ఒకరు, ఇద్దరూ మొండివాళ్ళే. పది నిమిషాలూ అయిపోయాయి. బాబాయిగారు వట్టి చేతులతో దిగివచ్చారు. పరీక్షాధికారి కాగితం మీద 'సమయం మించినది' అని రాసి, "ఇంకో అవకాశం ఉంది. కాస్త ఊపిరి తీసుకుని మళ్ళీ ఎక్కండి" అన్నాడు.

బాబాయిగారు నా వంక చూడలేదు. కిందికి వంగి తాడు తీసుకున్నారు. ఎక్కేస్తారని నాకు తెలుసు. సగంలో కాలు పట్టు తప్పినా ఆగరని కూడా తెలుసు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ ఫోను మీద, ఆ కాగితం మీద, ఆయన్ను ఇందులోకి లాక్కొచ్చిన నా మీద.

"ఎక్కడానికి వీల్లేదు!" అని అరిచేశాను. "ఆయన మోకాళ్ళు బాగాలేవు. రెండోసారి ఎక్కలేరు!"

 బాబాయిగారు తాడు వదిలేసి నన్ను చూశారు. ఆ పదకొండు మందీ నలభయ్యేళ్ళుగా ఆయన్ను పిలిచి పని ఇచ్చిన ఊళ్ళవాళ్ళే. రేపటికల్లా ఆ మాట అన్ని తోటలకీ చేరిపోతుంది. ఇప్పుడు పరీక్ష కూడా పోతే ఆయనకు ఎక్కే పనీ ఉండదు, నేర్పే పనీ ఉండదు. రెండూ నా నోటి వల్లే పోతాయి.

పరీక్షాధికారి చేతిలోని కాగితం లాక్కుని రెండో పేజీ తిప్పాను. పట్టికలు నింపీ నింపీ నాకు అబ్బిన విద్య అదొక్కటే, చిన్నక్షరాలు వదలను. మాస్టారికి ఒంట్లో బాగాలేని పక్షంలో, తను నేర్పిన ఒకరి చేత పని చేయించి చూపవచ్చు అని అడుగున ఉంది. అతను రెండుసార్లు చదువుకుని, "సరే, ఒక్కరు. వాళ్ళు తప్పితే ఈయన తప్పినట్టే" అన్నాడు.

బాబాయిగారు ఒక్క క్షణం ఆలోచించి, కువైట్ ఆవిడ వైపు చెయ్యి చూపించారు. మగవాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఆవిడ చీరమీద వేసుకున్న చొక్కా గుండీలు పెట్టుకుని యంత్రం ఎక్కింది. టకటకా పైకెళ్ళిపోయింది. పరీక్షాధికారి మళ్ళీ ఫోను ఎత్తి చెట్టు మొదట్లోనే నిలబడ్డాడు.

"కిందెవరూ లేరు కదండీ?"

అతను కదల్లేదు. కొయ్యమనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది, నిజంగా వచ్చింది. బాబాయిగారు మాత్రం నోరు విప్పలేదు.

"కిందెవరూ లేరు కదండీ?" రెండోసారి. కత్తి నడుం దగ్గరే ఉంది.

అతను తల పూర్తిగా ఎత్తి పైకి చూశాడు. తర్వాత బాబాయిగారిని చూశాడు. ఇందాకటి ఆయన, ఇప్పటి ఈవిడ, ఇద్దరూ ఒకే దగ్గర ఎందుకు ఆగిపోయారో అప్పుడు తలకెక్కినట్టుంది. ఫోను దించేసి, గబగబా చెట్ల మధ్య నీటి బోదె దాటి అవతలి గట్టు మీదికి వెళ్ళాడు. అక్కణ్ణించి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, విజయవాడ మనిషి గొంతు చించుకుని అరిచాడు.

"ఆయ్!"

గెల వచ్చి సరిగ్గా ఇందాక అతను నిలబడ్డ చోట పడింది. రెండు కాయలు పగిలి నీళ్ళు చిమ్మాయి. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి, ఏదీ ఆపుకోలేదు. అతను వచ్చి ఆ కాయల్ని కాసేపు చూసి, వీడియో ఊసెత్తకుండా 'ఉత్తీర్ణులు' అని రాసి సంతకం చేశాడు. భద్రత గడిలో ఉన్న మార్కులన్నీ వేశాడు.

బాబాయిగారు పరీక్షాధికారి కోసం వేసిన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు. నన్ను తిడతారేమోనని దగ్గరికి వెళ్ళడానికి భయపడుతూ నిలబడ్డాను. ఆయనే పిలిచారు.

"పాపగారూ, ఆ బామేదో మీ సంచీలో ఉంది కదండీ, ఇలా ఇవ్వండి."

ఇచ్చాను. అందరూ చూస్తుండగానే లుంగీ మోకాళ్ళ పైదాకా లాక్కుని, రెండు మోకాళ్ళకీ తీరిగ్గా రాసుకున్నారు. ఆ వాసన తోటంతా వచ్చింది.