డోలు వింటే నడుం నొప్పి తెలీదట

నా చిన్నప్పుడు మా ఇంట్లో పిల్లలకు ఎవరైనా నవ్వుతూ ఏదైనా ఇస్తే అది ముందు మా అమ్మమ్మ చేతిలోకి వెళ్ళాలి. బెల్లం ముక్కైనా సరే, వాసన చూసి, అటూ ఇటూ తిప్పి, ఎందుకిచ్చాడో తేలాకే మా నోట్లోకి వచ్చేది. ఒక్కోసారి తేలేది కాదు, బెల్లం ఆవిడే తినేసేది. ఆ అనుమానం గుణం నాకూ అంటుకుంది. ఇప్పటికీ ఫోనులో ఎవరైనా తియ్యగా మాట్లాడి మీకు బహుమతి వచ్చిందంటే, ఆ గొంతులో నాకు మా ఊరి గుమాస్తా వినబడతాడు.

అప్పుడు మాది బస్తరు రాజ్యం. రాజు జగదల్‌పూర్‌లో ఉంటాడని వినడమే తప్ప చూసిన పాపాన పోలేదు. శబరి ఒడ్డున ఉన్న మా పల్లెకు జమీందారు గుమాస్తాయే రాజు. తెలుగు, హల్బీ, హిందీ కలగలిపి మాట్లాడేవాడు. వానలు పడగానే ఇంట్లో ఉన్న ఆడవాళ్ళంతా జమీందారు మళ్ళలో నాట్లు వేసి తీరాలి. ఒంట్లో బాగోలేదంటే వినేవాడు కాదు.

నాట్లలో పాట ఎత్తేది మా అమ్మమ్మ. ఆవిడ చరణం పాడి చివర గొంతు సాగదీసేది. ఆ సాగదీసినంత సేపూ మిగతావాళ్ళు నడుం ఎత్తి నిలబడి, ఊపిరి పీల్చుకుని, పాట అందుకుంటూ మళ్ళీ వంగేవాళ్ళు. అయితే నిజం చెప్పాలి, ఆవిడ పాటలన్నీ ఏడుపు పాటలే. అత్త పెట్టిన బాధలు, మొగుడు రాని రాత్రులు. మొదటిసారి మడిలోకి దిగిన మాలాంటి పిల్లలకు నడుం నొప్పి చాలక ఈ దిగులొకటి. పెళ్ళికాని పిల్లలైతే ఆవిడకు కనబడకుండా మొహాలు చిట్లించుకునేవాళ్ళు.

ఆ ఏడు గుమాస్తా నది అవతలి నుంచి ఒక డోలు వాయించేవాణ్ణి తెచ్చి గట్టు మీద నిలబెట్టాడు. పిల్లలు పాపం విసిగిపోతున్నారని, డోలు వింటూ నాటితే నడుం నొప్పే తెలీదని ఎంతో ప్రేమగా చెప్పాడు. ముందు ముగించిన వరుసకు బెల్లం కూడా ఇస్తానన్నాడు. మాకు ఆనందం పట్టలేదు. డోలు మోగుతుంటే చేతులు వాటంతటవే ఆడేవి. నేనైతే పొద్దున్నే లేచి మడికి పరిగెత్తేదాన్ని. అమ్మమ్మ మాత్రం పాట మానేసి, నారు నాటుతూ ఓరకంట గట్టు వైపే చూసేది.

"మన నడుముల మీద వీడికి ఇంత ప్రేమ ఎప్పుడు పుట్టిందే?" అంది ఒక సాయంత్రం మా అమ్మతో.

అమ్మ నవ్వి పొయ్యి దగ్గరికి పోయింది. కానీ మరుసటి రోజు నుంచి నేనూ చూడడం మొదలుపెట్టాను. డోలుకు సాగదీత లేదు. పొద్దున నెమ్మదిగా మొదలై, ఎండ ఎక్కేకొద్దీ జోరందుకునేది. ఎవరైనా వెనకబడితే డోలువాడు వాళ్ళ ఎదురుగా వచ్చి, చిందులేస్తూ మరీ వాయించేవాడు. అందరూ పడీ పడీ నవ్వేవాళ్ళు. ఆ నవ్వు తన మీదికి రాకూడదని ప్రతి పిల్లా వంచిన నడుం ఎత్తేది కాదు.

మా చిన్నమ్మ, అంటే అమ్మ చెల్లెలు, మా వరుసలోనే ఉంది. అంతకు ముందు ఏడు నాట్లలోనే ఆమెకు కడుపు పోయింది. ఇప్పుడు మళ్ళీ మూడో నెల. ఒక రోజు మధ్యాహ్నం ఆమె మొహం పాలిపోయి, పొత్తికడుపు పట్టుకుని గట్టు మీద కూలబడింది. వెంటనే డోలువాడు చుట్టూ తిరుగుతూ దరువేశాడు. వాడికేం తెలుసు పాపం. అందరూ నవ్వారు. చిన్నమ్మ కూడా నవ్వబోయి, పెదవి కొరుక్కుని, లేచి మళ్ళీ వంగింది. అమ్మమ్మ వైపు చూశాను. ఆవిడ నారు కట్ట పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, చక్కగా నవ్వుతోంది. ఆవిడ అలా నవ్వితే మా ఇంట్లో పిల్లి కూడా బయటికి పోయేది.

మా వైపు ఒక ఆచారం ఉండేది. నాట్లప్పుడు మగవాడెవడైనా గట్టెక్కితే, ఆడవాళ్ళు నారు పరకల తాడుతో అతని కాళ్ళకు అడ్డం కట్టేవాళ్ళు. ఏదైనా ఇచ్చుకోవాలి, లేదా దిగి గుప్పెడు నారు నాటాలి. గుమాస్తా ఏటా తమలపాకులు పంచి తప్పించుకునేవాడు. ఆ సాయంత్రం అతను బెల్లం బుట్టతో రాగానే అమ్మమ్మ తాడు అడ్డం పెట్టింది.

"ఆకులొద్దు, బెల్లమొద్దు. డోలు వింటూ ఒక్క వరుస నాటు దొరా. నడుం నొప్పే తెలీదంట కదా!"

పిల్లలంతా గోల చేశారు. ఇంతమంది ముందు కాదంటే పరువు పోతుందనుకున్నాడేమో, గుమాస్తా నవ్వుతూ ధోవతి ఎగ్గట్టి దిగాడు. అమ్మమ్మ డోలువాడికి సైగ చేసింది, మధ్యాహ్నం వేసిన దరువే వేయమని. వాడికీ హుషారొచ్చింది. గుమాస్తా కాసేపు బాగానే నాటాడు. తర్వాత చేతులు తడబడ్డాయి, నారు తేలిపోయింది. డోలువాడు ఎదురుగా చిందులేస్తుంటే మేమంతా పగలబడి నవ్వాం. చివరికి గుమాస్తా మోకాలి మీద చెయ్యి పెట్టుకుని, మొహం కందగడ్డలా చేసుకుని అరిచాడు.

"అరే బస్! బస్!"

అంటే ఇక చాలు, ఆపు అని. డోలు టక్కున ఆగిపోయింది. అప్పుడే అమ్మమ్మ నవ్వు కూడా ఆగింది.

"నువ్వు బస్ అంటే ఆగిందిగా. నా బిడ్డ అన్నా ఆగాలె" అంది, చిన్నమ్మ కడుపు వైపు చూపిస్తూ. "డోలు ఉండనీ, పిల్లలు ముచ్చట పడుతున్నరు. ఆపే మాట మాత్రం మడిలో ఉన్నోళ్ళది. ఏందయ్యా, కాదంటవా?"

గుమాస్తా బురదలో నిలబడి, ఆయాసపడుతూ చిన్నమ్మను చూశాడు. ఇంకా రొప్పుతున్న మనిషి ఏమని కాదంటాడు? తల ఊపి గట్టెక్కాడు.

మర్నాడు మొట్టమొదట బస్ అన్నది చిన్నమ్మే. డోలు ఆగింది. వరుసంతా నడుం ఎత్తింది. ఆ తర్వాత ఎవరికి అలసట వస్తే వాళ్ళు అనేవాళ్ళు, ఒక్కోసారి అలసట లేకున్నా సరదాకి అనేవాళ్ళం. ఆగిన ఆ కాసేపట్లో అమ్మమ్మ, ఎప్పుడు నేర్చుకుందో ఏమో, కొత్త పెళ్ళికూతుళ్ళను ఆటపట్టించే పాటలు పాడేది. నాట్లలో అంత నవ్వుకున్న ఏడు మళ్ళీ రాలేదు. మాఘమాసంలో చిన్నమ్మకు ఆడపిల్ల పుట్టింది.

మొన్న మా మనవరాలు ఫోను చేసింది. జగదల్‌పూర్‌లో కొత్తగా ఉద్యోగం. వాళ్ళ ఆఫీసులో పని చేసినట్టే ఉండదట. పాటలట, పోటీలట, ముందుగా ముగించినవాళ్ళకు గంట కొట్టి చప్పట్లట, వెనకబడినవాళ్ళ మీద సరదాగా జోకులట. పిల్ల సంతోషంగా చెబుతుంటే నాకూ సంతోషమే. కానీ చెవిలో డోలు మోగడం మొదలైంది.

"మధ్యలో నువ్వు బస్ అంటే ఆగుతుందా తల్లీ?" అని అడిగాను.

నవ్వింది. "ఇంతవరకూ ఎవరూ అన్లేదు అమ్మమ్మా" అంది.

ఒకసారి అని చూసి నాకు చెప్పమన్నాను. ఆ మాట గుమాస్తాది, దాన్ని బురదలోంచి తీసి మాకిచ్చింది మా అమ్మమ్మ. ఇన్నేళ్ళూ నా దగ్గరే ఉంది, ఇప్పుడు ఆ పిల్లకిచ్చాను.