రజితకు నప్పిన టోపీ

ఇది ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు కూడా చెప్పలేదు. ఏళ్ల తరబడి కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. అన్నం తింటున్నా, జాకెట్లు కత్తిరిస్తున్నా అది అక్కడే ఉంటుంది. తీరా ఏమిటా సంగతి అని అడిగితే, ఒక టోపీ. హత్య కాదు, దొంగతనం కాదు. టోపీ. మీకు నవ్వొస్తే నవ్వండి. నాకు మాత్రం చిరాకు వస్తోంది, నా మీద నాకే.

నాది కోదాడ. చిన్న బొటిక్ ఉంది. పెళ్లికూతుళ్లకు బట్టలు కుడతాను. ఏ మొహానికి ఏ మెడ నప్పుతుందో, ఏ రంగు ఎవరిని చంపేస్తుందో మనిషిని చూడగానే చెప్పేస్తాను. గొప్ప కోసం అనడం లేదు. ఈ విద్య నాకు వచ్చు కాబట్టే నేను చేసినదాన్ని పొరపాటు అనడానికి వీల్లేదు. ఆ మాట ముందే ఒప్పుకుంటున్నాను.

రజిత నా తోడికోడలు, మా మరిది భార్య. వాళ్లది మిర్యాలగూడ. ఆమెకు వ్యవసాయ శాఖలో ఉద్యోగం. ఊళ్లు తిరిగి, పొలం గట్ల మీద నడిచి, వరికి పట్టిన తెగులేమిటో చూసి రైతులకు చెప్పడం ఆమె పని. ఆ పనంటే ప్రాణం. మనిషి అందగత్తె. నేను రాత్రింబవళ్లు కూర్చుని కుట్టిన జాకెట్ ఆమె వేసుకుని వస్తే, మా అత్తగారు జాకెట్ వంక చూసేది కాదు. "మా చిన్నకోడలు ఏం గట్టినా అందమే" అనేది. నేను ఆ పక్కనే వడ్డిస్తూ ఉండేదాన్ని. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. రజిత నన్ను చూసి ఎన్నడూ నవ్వలేదు. నవ్వి ఉంటే ఎంత బాగుండేది. కోపానికి నాకొక కారణమైనా దొరికేది.

కొన్నేళ్ల కిందట ఆమెకు ఎండ పడకుండా పోయింది. చెంపలు కందిపోయి పొలుసులు లేచేవి. కీళ్లు నొప్పులు పెట్టేవి. ఎండ తగిలితే జబ్బు ముదురుతుందని, పొలాలకు పోక తప్పదంటే మొహం, చెవులు, మెడ నీడలో ఉండేలా వెడల్పు అంచు టోపీ పెట్టుకోవాలని హైదరాబాదు డాక్టర్ చెప్పాడు. నాట్లు వేసే ఆడవాళ్లలా తలకు తువ్వాల చుట్టుకుందామంటే ఆఫీసరమ్మ. టోపీయే కొనాలి. మా ఇళ్లలో ఆడవాళ్లెవరూ టోపీ పెట్టిన పాపాన పోలేదు. అత్తగారి ఎదుట తల మీద కొంగు తప్ప ఇంకొకటి ఉండకూడదు. అందుకని రజిత నన్ను ఒక్కదాన్నే అడిగింది. మా ఇంట్లో ఎవరేం కొనాలన్నా పెద్దకోడలు చూసి ఊ అనాలి, అదొక అలవాటు.

సూర్యాపేటలో చుట్టాల పెళ్లికి వెళ్లినప్పుడు, భోజనాలయ్యాక ఇద్దరం మెల్లగా బజారుకు జారుకున్నాం. సాగర్ డ్యామ్ దగ్గరికి వెళ్లి పెళ్లికి ముందే ఫొటోలు దిగే జంటల పుణ్యమా అని, ఒక బ్యాగుల షాపులో రకరకాల టోపీలు వేలాడదీసి ఉన్నాయి. అందులో గోధుమరంగుది ఒకటి. ఎత్తు తక్కువ, చుట్టూ అరచేయంత అంచు. రజిత జడను భుజం మీదుగా ముందుకు వేసుకుని, ఆ టోపీని కనుబొమలకు వేలెడు పైన నిలిపి, కాస్త పక్కకు వంచుకుంది. ఎవరూ నేర్పలేదు. ఆమెది పొడుగాటి మొహం. అలాంటి మొహానికి కావలసింది సరిగ్గా అదే. నీడ గడ్డం దాకా వచ్చింది. ఆ నీడలో చెంపల మీది మచ్చలు కనిపించకుండా పోయాయి. పక్కన బేరమాడుతున్న ఒకావిడ బేరం ఆపి మరీ చూసింది. జబ్బు చేసినా ఈ మనిషి ఇంత బాగుండాలా అనుకున్నాను. అక్షరం మార్చకుండా రాస్తున్నాను, అదే అనుకున్నాను.

"ఎట్లుందక్కా?" అంది, అద్దంలో నన్ను చూస్తూ.

"బాగాలేదమ్మా. గొడుగు కింద నిలబడ్డట్టుంది. మొహమే కనపడట్లా."

"నాకైతే మంచిగనే అనిపిస్తుంది."

"నీకేం తెలుసు, ఇది చూడు" అని నల్లది తీసి ఇచ్చాను. బాగా ఎత్తు, బిర్రుగా ఉంది, అంచు రెండు వేళ్లకు మించి లేదు. ఆమె జడను నేనే కొప్పు చుట్టి, దాని మీద టోపీని నిటారుగా నిలబెట్టాను. పొడుగు మొహం ఇంకా పొడుగైంది. చెంపల మీద నీడే లేదు. "ఇదీ నీకు తగ్గది" అన్నాను.

రజిత చాలాసేపు అద్దంలో చూసుకుంది. తర్వాత గోధుమరంగు టోపీని కొక్కేనికి తగిలించేసింది. "నువ్వు చెప్పినంక ఇగ ఏముంది. గిదే తీసుకుంట" అంది.

డాక్టర్ మాట ఆ క్షణంలో నాకు గుర్తు రాలేదని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. అబద్ధం. గుర్తుంది. షాపు మెట్లు దిగుతున్నప్పుడు, మళ్లీ పెళ్లి పందిట్లోకి నడుస్తున్నప్పుడు, ఆమెను మిర్యాలగూడ బస్సు ఎక్కిస్తున్నప్పుడు, ఎక్కడైనా సరే "పద, మార్చుకుందాం" అనొచ్చు. ఎందుకు అనలేదు? ఆమె జబ్బు ముదరాలనుకున్నానా? దేవుడి తోడు, లేదు. ఒక్కసారి ఆమె బాగుండకపోతే చాలనుకున్నాను. అంతే. ఆ "అంతే" దగ్గరే నా ఆలోచన ఎప్పుడూ ఆగిపోతుంది, ముందుకు కదలదు.

ఆ నల్ల టోపీతో రజిత దామరచర్ల వైపు ఒక ఊళ్లో రైతుల మీటింగుకు వెళ్లింది. బోర్లించిన తపేలా అన్నారట వెనక నుంచి ఎవరో. అందరూ నవ్వారట. ఇంకెవరో ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఆ తర్వాత ఏ ఊరికి పోయినా "తపేలా మేడం" అన్న పేరు ఆమె కంటే ముందే చేరి ఉండేది. టోపీ అటక మీదికి పోయింది. మళ్లీ ఏ టోపీ జోలికీ పోకుండా, కొంగు తల మీదికి లాక్కుని అదే ఎండలో తిరిగింది.

"నాకు టోపీలు నప్పవక్కా" అంది ఫోన్లో. తప్పు టోపీది అనలేదు. ఎంచిన నాది అనలేదు. తన మొహానిది అనుకుంది. నేను ఊ అన్నాను. షాపులో ఆడిన అబద్ధం కన్నా ఆ ఊ పెద్ద పాపమేమో అనిపిస్తుంది.

ఎండలు ముదిరాక జబ్బు విరుచుకుపడింది. జ్వరం, వాచిన కీళ్లు, హైదరాబాదులో ఆస్పత్రి. టోపీ లేకపోవడం వల్లే ఇలా అయిందని ఏ డాక్టరూ అనలేదు. ఆ ముక్క పట్టుకుని వేలాడదామని నేనూ చూశాను, కానీ ఎంతకాలం వేలాడతాను? మనిషి దక్కింది. పొలాల పని దక్కలేదు. ఇప్పుడు ఆఫీసులో ఫ్యాను కింద కంప్యూటర్ ముందు కూర్చుంటుంది. రెండు చెంపల మీదా నల్లటి మచ్చలు ఉండిపోయాయి. ఇంట్లో ఫొటో అనగానే ఎవరిదో ఒకరి భుజం వెతుక్కుని దాని వెనక నిలబడుతుంది. మా అత్తగారు ఈ మధ్య నా చీరలు మెచ్చుకుంటోంది. ఆ మెప్పు వింటే నాకు ఒళ్లు మండిపోతుంది.

అప్పటి నుంచి రజితకు ఎన్ని జాకెట్లు ఊరికే కుట్టిచ్చానో. చేతులు కాలాక ఆకులు. ఇచ్చిన ప్రతిసారీ "మా అక్క బంగారం" అంటుంది. ఒక్కసారైనా తిట్టదేం? ఒక్కసారైనా అనుమానపడదేం? ఫొటోల కోసం ఏ టోపీ కొనాలని అడిగే ఆడపిల్లలకు ఇప్పుడు మొహం చూసి నిజమే చెబుతున్నాను, పొడుగు మొహమైతే ఎత్తు తక్కువది, అంచు వెడల్పుది తీసుకోమని. పరాయివాళ్లకు ఎంత తేలిగ్గా వస్తోందో నిజం.

మొన్న రజిత ఫోన్ చేసింది. "డాక్టర్ మళ్ల తిట్టిండక్కా. టోపీ లేకుంటె ఆఫీసుకు గూడ పోవద్దంటుండు. ఆయితారం సూర్యాపేటకు వస్తవా? నాకేం తెల్వది, నువ్వే సూడాలె."

వస్తానన్నాను. వెళ్తాను. వెడల్పు అంచుదే చేతిలో పెడతాను, ఆ మాత్రం చేయగలను. కానీ అద్దం ముందు నిలబడి, అప్పుడు ఇలాంటిదే వద్దన్నావు కదక్కా అని అడిగితే? అడగదని ఒక భయం, అడుగుతుందని ఒక భయం. అడిగితే ఆమెకు చెప్పగలనో లేదో నాకు తెలియదు, నన్ను నేను నమ్మడం ఎప్పుడో మానేశాను. అందుకని నోటికి రాని ఆ రెండు ముక్కలూ ముందుగా మీ దగ్గర అనేస్తున్నాను. రాస్తుంటే ఊపిరి కాస్త ఆడుతోంది.

ఆ గోధుమరంగు టోపీ నీకు చాలా బాగుంది రజితా. అందుకే వద్దన్నాను.