మిరుగు వస్తుంది సారూ

కూసో బిడ్డా. గోడకు ఆనుకోకు, నిద్రొస్తది. పెన్ను పట్టినవా? సరిగ్గ విను. నేను చెప్పింది చెప్పినట్టు రాయాలె, మీ నాయన లెక్క నడుమల దిద్దొద్దు.

పొద్దున బీరువల దుప్పట్లు తీస్తుంటే అడుగున ఈ దవాఖానా కాయితం దొరికింది. నాలుగేండ్ల కిందటిది. దీనితోనే నేను ఈ క్వార్టర్ల పడ్డ. లేకుంటే పాల్వంచల నాకేం పని? మీ నాయనకు ప్లాంటుల డ్యూటీ, మీ అమ్మకు నీ బడి, నీ టిఫిన్లు. నాకేమో కిటికీ కాడ కూసోని షిఫ్టు బస్సులు చూసుడు. మన ఊర్ల వారం వారం అయ్యే అంగడికి ఒక్కదాన్నే పోయొస్తనంటే మీ నాయన ఏమంటడు? "వద్దే అమ్మా, నువ్వు కన్ఫ్యూజ్ అయితవ్" అంటడు. ఆ మాట యాడికెల్లి వచ్చిందో రాయి.

నువ్వప్పుడు ఒకటో తరగతి. సోమవారం, అంగడినాడు, నాకు చలిజరం పట్టింది. మలేరియా. మీ నాయన జీపు కిరాయికి తెచ్చి ఖమ్మంల ఓ దవాఖానాల ఏసిండు. నాకు సోయి లేదు, అది ఒప్పుకుంట. సోయి లేనప్పుడు చేతికున్న గ్లూకోజు పైపు పీకేసిన్నంట. కండ్లు తెరిచేసరికి మంచానికి రెండు దిక్కుల ఇనుప కడ్డీలు, కుడి చెయ్యి ఆ కడ్డీకి బట్టతోని కట్టేసి ఉన్నది. పక్క మంచమామెను అడిగిన, ఎన్నొద్దులైందమ్మా నేనొచ్చి అని. మూడన్నది.

అంతల సారు వచ్చిండు. కొత్త సారు, సముద్రం దిక్కాయన.

"ఈ రోజు ఏం వారం అమ్మా?"

"అంగడి అయిన మూడోనాడు సారూ."

"ఏ నెల?"

"మిరుగు వస్తుంది సారూ."

మిరుగంటే నీకు తెల్వదా? మృగశిర కార్తె. తొలివాన పడ్తది, గింజలేస్తం. సారు ఎనక్కి తిరిగి చూసిండు. "మృగమా? ఎక్కడమ్మా?"

నేను మబ్బుల సంగతి అడుగుతుండనుకున్న. ఇడిసున్న చెయ్యితోని కిటికీ చూపెట్టిన. "అదిగో, ఆ దిక్కుకెల్లి. ఇంక రాలే, నాలుగొద్దులల్ల వస్తది."

సారు మెల్లగ తలకాయ ఊపిండు. "ఇప్పుడు నువ్వు ఎక్కడున్నావమ్మా?"

కట్టేసిన చెయ్యి చూపెట్టి, "పసుల దొడ్లె ఉన్న సారూ" అన్న. నవ్వుతడనుకున్న. నవ్వలే, రాసుకున్నడు. నా మీదికెల్లి మీ నాయనతోని మాట్లాడిండు, నేను ఆడ లేనట్టే. రెండొద్దులు చూద్దాం, గిట్లనే ఉంటే హైదరాబాద్‌ల తలకాయ డాక్టరు కాడికి తీసుకపోండ్రి అన్నడు. మీ నాయన మొకం గింతైంది.

పగటీలి ఇంకో సిస్టరమ్మ డ్యూటీకొచ్చింది. భద్రాచలం అవతల అడివి ఊరి పిల్ల, ఇంట్ల కోయ మాట్లాడుకుంటరట. కాయితం చదువు బిడ్డా అని బతిలాడిన.

"రెండు మాటలున్నయ్ అవ్వా. కన్ఫ్యూజ్డ్, డిసోరియెంటెడ్."

"రెండూ ఒకటేనా?"

"కాదు. మొదటిది తికమక. రెండోది ఏ యాళనో, ఏడున్నవో, దిక్కే తెల్వనిది."

"ఏది పెద్దది?"

"రెండోదే."

ఇంగ్లీషోళ్లకేనా మాటలు, మనకు లేవా? పరాకంటే మనసు ఇంకోతాన ఉండుడు. తికమకంటే రెండు తొవ్వల కాడ నిలబడుడు. సోయి తప్పుడంటే తొవ్వా లేదు, నువ్వూ లేవు. పరేషానంటే తొవ్వ తెలుసు, పోనియ్యరు. నాది పరేషాను బిడ్డా. ఆ సారు సోయి తప్పిందని రాసిండు.

సిస్టరమ్మ "ఇయ్యాల గురువారం అవ్వా, గట్ల చెప్పు" అన్నది. ఇగ రామనామం లెక్క చదివిన, గురువారం, గురువారం. తెల్లారి సారు అడగంగనే గట్టిగ చెప్పిన, "గురువారం!" ఆ పొద్దు శుక్కురారం.

నాకు కోపమొచ్చింది. కట్టు ఇప్పుండ్రి, పోత అని లొల్లి జేసిన. మూడో మాట రాసిండు, అజిటేటెడ్. అంటే ఊకె కలవరపడుడట. కట్టేస్తే ఎద్దు గుంజులాడదా? మిరుగంటే ఒక మాట, నవ్వులాటకంటే ఒక మాట, కోపానికి ఒక మాట. కట్టేసినోన్ని ఏమంటరో మాత్రం ఎవ్వలూ రాయలే.

పగటీలి సిస్టరమ్మ నా కాడికొచ్చి మెల్లగ అడిగింది. "అవ్వా, నీకు పులి గిట్ల కనబడ్తుందా? మృగం వస్తుందని కిటికీ చూపెట్టినవట గద."

నాకు అప్పుడు సమజైంది. "ఓసి నీ పాడుగాను, మృగం గాదే, మిరుగు!"

ఆ పిల్ల కడ్డీ పట్టుకొని వంగి వంగి నవ్వింది. నవ్వుకుంటనే సారు కాడికి పోయింది.

శనివారం సారు వచ్చిండు. వారం అడగలే. "మీ అంగడి ఎప్పుడమ్మా?" అన్నడు.

"ఎల్లుండి సారూ. ఇడిస్తే పోత."

కట్టు ఆయనే ఇప్పిండు. చెయ్యి మీద నల్లగ మచ్చ పడ్డది. ఆ మూడు మాటలు కొట్టేయి సారూ అంటే, రాసింది కొట్టేయొద్దమ్మా, కింద ఇంకోటి రాస్త అని రాసిండు. ఆ పొద్దు సిస్టరమ్మ డ్యూటీల లేదు, నాకు చదివేటోళ్లు లేరు. మీ నాయన మీది మూడు మాటలు చూసిండు, కిందికి పోలే. "నాలుగొద్దులు మా కాడ ఉండు అమ్మా" అని తెచ్చి, కాయితం దాచిపెట్టిండు. నాలుగొద్దులు నాలుగేండ్లయినయ్. పప్పుల ఉప్పు మరిస్తే మీ అమ్మ మీ నాయన మొకం చూస్తది. నువ్వు హోంవర్కు మరిస్తే ఎవ్వలన్న గట్ల చూస్తరా?

ఇగో, నీది ఇంగ్లీషు మీడియం గదా, కింది మాట చదువు. ఏందీ? ఓరియెంటెడా? మల్ల చూడు, ముందల డిస్ ఉన్నదా? మంచిగ చూడవే, మడతల పోయిందేమో. లేదా? నిజంగ లేదు గదా? రాయి, డిస్ లేదని పెద్దగ రాయి. ఇయ్యాల ఆదివారం, రేపు అంగడి. మీ నాయన డ్యూటీ దిగి రాంగనే దీని మీద ఏలు పెట్టి, కింది దాక చదువు కొడుకా అంట. పొద్దున మొదటి బస్సుకు సంచి పట్టుకొని, ఎవ్వల తోడు లేకుంట, నేనొక్కదాన్నే—

"అత్తమ్మా! అన్నం సల్లారుతుంది, రార్రి!"

అవ్, వస్తున్న తల్లీ. బిడ్డా, కాయితం ఆడ పెట్టకు, కంచం కాడికి తీసుకరా, ముందుగాల మీ అమ్మకే చూపెట్టి—