ఆడా కాదు, మగా కాదు, పేకముక్క

నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. బాపట్లలో చేపల గంప దించాక, మధ్యాహ్నం పూట మా పేటకు వచ్చే టీచరమ్మ దగ్గర నేర్చుకున్నాను. అచ్చులో కనిపించే ప్రతి మాటనూ వేలు పెట్టి చదువుతాను. చదివినంత మాత్రాన నమ్మను. చిన్నప్పుడే చదువుకున్నవాళ్లు ఎందుకు నమ్మేస్తారో నాకు తెలియదు.

మా చెల్లెలు రేపల్లెలో ఉంటుంది. దాని గర్భసంచిలో గడ్డ ఉందని, తీయకపోతే ప్రమాదమని తెనాలి డాక్టరమ్మ చెప్పి, మంగళవారం ఆపరేషనుకు రమ్మంది. మంగళవారం గోళ్లే తీసుకోని మనిషి కడుపు కోయించుకుంటుందా? రానని కూర్చుంది. నచ్చజెప్పడానికి నేను బాపట్ల నుంచి వెళ్లాను. తెనాలిలో కంప్యూటర్ ఉద్యోగం చేసే నా కూతురి కూతురు కూడా వచ్చింది, చేతిలో ఒక తెల్ల అట్టపెట్టెతో.

"టారో కార్డ్సు అమ్మమ్మా. జాతకం లాంటివే. కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం చేసినవి" అంది.

చిలక జోస్యం అట్టల మీద కనీసం దేవుడి బొమ్మ ఉంటుంది. వీటి మీద ఏమీ లేదు. తెల్ల అట్ట, నల్ల గీత, మహా అయితే ఒక సున్నా. అలా ఏమీ లేకపోవడమే గొప్పట. బొమ్మ వేయడానికి బద్ధకమై ఉంటుందని నేనంటే పిల్ల మూతి ముడుచుకుంది.

చెల్లెలు ఒక ముక్క తీసింది. నిలువు గీత, దాని కింద సున్నా.

"వేలాడే వ్యక్తి" అంది మనవరాలు.

"ఆడమనిషా, మగాడా?"

"ఏదీ కాదు చిన్నమ్మమ్మా. వీటిలో ఆడా మగా తేడా ఉండదు. అందరూ సమానం."

"మరి గర్భసంచి బాధ దానికేం తెలుస్తుందే?"

పిల్ల పెట్టెలో వచ్చిన చిన్న తెలుగు పుస్తకం తిప్పి, "'ఈ వ్యక్తి వేలాడుతోంది, ఎదురుచూస్తోంది' అని ఉంది" అంది. నాకు నవ్వొచ్చింది. మన మాటల్లో మగవాడు వస్తాడు. ఆడది వస్తుంది, గేదె వస్తుంది, బస్సు వస్తుంది. తేడా తీసేశామని చెప్పుకునే ఈ పుస్తకంవాళ్లు చివరికి అందరినీ గేదె గుంజకే కట్టేశారు. మమ్మల్ని ఎప్పుడో కట్టారు. మగవాళ్లకే ఇది కొత్త.

"అర్థమేంటంటే, ఆగమని. తొందరపడొద్దని" అంది పిల్ల.

చెల్లెలి ముఖం వెలిగింది. "విన్నావా అక్కా? నేను మొదట్నించీ అదే అంటున్నా. ఈ మంగళవారం వద్దు, తర్వాత చూద్దాం."

"తర్వాతంటే ఎప్పుడే?"

"ముక్క చెప్పినప్పుడు."

ఇప్పుడు పిల్ల ముఖం పాలిపోయింది. సరదాకి తెచ్చిన అట్టముక్క ఇలా తగులుకుంటుందని అది అనుకోలేదు. "డాక్టరు గారి మాటే వినాలి చిన్నమ్మమ్మా" అని గొణిగింది. ఎవరు వింటారు?

నేను వాళ్లకు ఎదురుగా కూర్చున్నాను. "నా వైపు నుంచి చూస్తే సున్నా పైనుంది. ముక్క తలకిందులుగా పడిందేమో" అన్నాను. పిల్ల దాన్ని అటూ ఇటూ తిప్పింది. తల ఏదో, కాళ్లేవో పిల్లకీ తెలియలేదు. అంత తక్కువ గీస్తే అంతే మరి.

పుస్తకం లాక్కుని, 'తలకిందులైతే' అన్న చోట వేలు పెట్టాను. అక్కడ 'మొండితనం వదలాలి' అని మాత్రమే ఉంది. అది మా చెల్లెలికి చాలదు. ఎప్పటిలాగే అక్షరాలు కూడబలుక్కుంటూ చదివాను. "కత్తి పడితేనే గండం గడుస్తుంది. మంగళవారమైతే మరీ మంచిది."

"మంగళవారమని కూడా ఉందా?"

"ఉంది."

"అచ్చులోనా?"

"అచ్చులోనే."

పిల్ల నోరు తెరిచి, నన్ను చూసి మూసుకుంది. నాకు చదువు రాని రోజుల్లో, కాగితం పట్టుకొచ్చిన ప్రతివాడూ తనకు పనికొచ్చేదే చదివి నా వేలిముద్ర వేయించుకున్నాడు. అక్షరాలు నేర్చుకున్న ఇన్నేళ్లకు నేనూ ఒకసారి అలా చదివాను. సిగ్గేమీ పడలేదు.

మంగళవారం గడ్డ తీశారు. కోడిగుడ్డంత ఉందని, ఇంకా ఆగి ఉంటే కష్టమయ్యేదని డాక్టరమ్మ చెప్పింది. మెలకువ వచ్చాక చెల్లెలు ఆమెకు దండమైనా పెట్టలేదు. మనవరాలిని దగ్గరికి పిలిచి, "కుట్లు ఏ రోజు విప్పించుకోవాలో కూడా ఆ పుస్తకంలో చూసి చెప్పవే" అంది.

"అమ్మమ్మని అడుగు. ఆ పుస్తకం చదవడం ఆవిడకే బాగా వచ్చు" అంది పిల్ల.