ఆయాసం లేదన్న బావతో బెజవాడకి

ఉదయం ఏడు గంటలకి కంకిపాడు సెంటర్లో విజయవాడ బస్సెక్కాం, నేనూ మా బావా. అటు వెళ్ళే ఉద్దేశం ఉన్నవాళ్ళు ఆ వేళకే బయల్దేరండి. ఎనిమిది దాటితే కాలేజీ పిల్లలు ఎక్కేస్తారు, ఫుట్‌బోర్డు మీద కూడా చోటుండదు. జబ్బు మనిషిని వెంటబెట్టుకుని వెళ్ళేవాళ్ళు కిటికీ పక్క సీటు దొరికేదాకా బస్సు వదిలేసినా తప్పు లేదు.

మా బావ, అంటే మా అక్క మొగుడు, రైసు మిల్లులో గుమాస్తాగా జీవితమంతా ఊక దుమ్ములో గడిపాడు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ఆయాసం మొదలైంది. ఊపిరితిత్తుల్లో మచ్చలు కట్టి గట్టిపడిపోతున్నాయని, ఆ మేరకి గాలి పట్టదని విజయవాడలో ఒక ఆసుపత్రి డాక్టరమ్మ చెప్పింది. ఆ దుమ్మే కారణమా అంటే ఆవిడ గట్టిగా చెప్పలేదు. నాకు మాత్రం అనుమానం లేదు.

దాన్ని నయం చేసే మందు అప్పట్లో లేదు. మందు లేనప్పుడు ఈ మనుషులకి రోజులు కాస్త తేలిగ్గా గడవాలంటే ఏం చేయాలి అన్నదాని మీద ఆవిడ పరిశోధన చేస్తోంది. బావని అందులో చేర్చుకుంది. ఇంటికి ఆక్సిజన్ మెషిన్ ఇచ్చారు. కరెంటు మీద నడుస్తుంది, గాల్లోంచే ఆక్సిజన్ తీసి గొట్టంతో ముక్కుకి అందిస్తుంది. అది వచ్చాకే మా బావ పడుకుని నిద్రపోయాడు. అంతకుముందు గోడకి ఆనుకుని కూర్చుని తెల్లవార్లూ కునికేవాడు.

ఆ రోజు ఆఖరి పరీక్ష. మెషిన్ తప్పనిసరి అని తేలిన వాళ్ళకి అది ఇంట్లోనే ఉంచేస్తారు. అంత అవసరం లేదని తేలితే తీసుకెళ్ళి వేరేవాళ్ళకి ఇస్తారు. ఈ సంగతి డాక్టరమ్మ బావకీ, అక్కకీ, నాకూ కూర్చోబెట్టి చెప్పింది. "ఇంట్లో ఎలా ఉంటారో అలాగే రండి, ఉన్నదున్నట్టు చెప్పండి" అని మరీ మరీ చెప్పింది.

ఉన్నదున్నట్టు వచ్చే మనిషేనా మా బావ! గడ్డం గీయించుకుని, గంజి పెట్టిన పంచె కట్టి, మొహానికి పౌడరు కూడా రాసుకున్నాడు.

"పెళ్ళిచూపులకా బావా?" అన్నాను.

"పెద్ద డాక్టర్లు హైదరాబాదు నుంచి వస్తున్నారంటోయ్ సత్యం, మన డాక్టరమ్మ పని చూడటానికి. మనం ఈసురోమంటూ వెళ్తే ఆవిడకి ఏం మర్యాద?" అన్నాడు.



పోరంకి దగ్గర పొడిదగ్గు అందుకుంది. ఎదుటి సీట్లో పూలబుట్ట పెట్టుకున్నావిడ తిరిగి చూసింది. "టీబీయా బాబూ?" అని అడిగి, జవాబు రాకముందే పమిట ముక్కుకి అడ్డం పెట్టుకుంది. "అబ్బే, రాత్రి పిల్లలతో కలిసి ఐస్‌క్రీం తిన్నానమ్మా" అన్నాడు బావ. ఆవిడ నమ్మలేదు. బుట్ట తీసుకుని వెనక్కి వెళ్ళిపోయింది. అంత దగ్గులోనూ ఆవిడకి దారి ఇవ్వడానికి బావ కాళ్ళు పక్కకి జరుపుకున్నాడు. ఈ జబ్బుకి ఊపిరాడకపోవడం ఒక బాధ, జనానికి జవాబు చెప్పుకోవడం ఇంకో బాధ.

బెంజి సర్కిల్లో దిగేసరికి ఎనిమిదవుతోంది. ఆటో మాట్లాడాను. డ్రైవరు బావ మొహం చూసి, "పెద్దాయనకి బాలేనట్టుందండీ, లోపల మెట్ల దాకా పోనిస్తాను" అన్నాడు. బావ గేటు దగ్గరే ఆపించాడు. ఆసుపత్రి ఎదురుగా చిన్న హోటలుంది, ఇడ్లీ బాగుంటుంది, వేడిగా పెడతారు. బావ ఒక్క ఇడ్లీ తిని ప్లేటు నా వైపు తోశాడు. కడుపు నిండితే ఆయనకి ఊపిరి అందదు. "ఆకలి లేదోయ్" అన్నాడు.

పది గంటలకి పిలిచారు. డాక్టరమ్మ పక్కన హైదరాబాదు పెద్దలిద్దరు కూర్చున్నారు. ముందు నడక పరీక్ష. వేలికి క్లిప్పు తగిలించి, వరండాలో ఈ చివరి నుంచి ఆ చివరికి నడిపిస్తారు. ఒంట్లో ఆక్సిజన్ ఎంత పడిపోతుందో ఆ క్లిప్పు చూపిస్తుంది. బావ తెలివంతా అక్కడ బయటపడింది. నాలుగడుగులు వేసి పంచె సర్దుకుంటాడు. మరి నాలుగు వేసి, గోడ మీది క్యాలెండరు ముందు నిలబడి దణ్ణం పెట్టుకుంటాడు. ఎదురొచ్చిన ఆయాని ఆపి పిల్లలు బాగున్నారా అని అడుగుతాడు. ఆగిన ప్రతిసారీ డాక్టరమ్మ నేర్పిన పద్ధతిలోనే పెదాలు సున్నా చుట్టి ఊపిరి వదులుతున్నాడు. క్లిప్పులో అంకె పెద్దగా కదల్లేదు. "మీ మామూలు నడక ఇంతేనా అండీ?" అని సిస్టర్ అడిగితే, "మాది నిదానమమ్మా" అన్నాడు.

తరవాత ప్రశ్నలు.

"స్నానం చేసేటప్పుడు ఆయాసం వస్తోందా?"

"లేదండీ."

"రాత్రిళ్ళు మెషిన్ లేకుండా పడుకోగలుగుతున్నారా?"

"హాయిగానండీ. ఏదో మీరిచ్చారు కదా అని పెట్టుకుంటున్నాను గానీ, మీ చేతి చలవ వల్ల దాని అవసరమే పడటం లేదు."

ఇక ఆగలేకపోయాను. "అబద్ధమమ్మా! మొన్న రాత్రి కరెంటు పోతే మా అక్క, నేను తెల్లవార్లూ చెరో పక్కన కూర్చుని విసిరాం. ఈయన మాట రాసుకోకండి" అన్నాను.

డాక్టరమ్మ పెన్ను ఆపింది. బావ నా వంక చూసి, నవ్వుతూ వాళ్ళవైపు తిరిగాడు.

"మా బావమరిదండీ. నన్ను మంచాన పడేసి చూడాలని సరదా."

అందరూ నవ్వారు. హైదరాబాదు పెద్దాయన అయితే పొట్ట పట్టుకుని నవ్వాడు. బావమరిది నోటి నుంచి వచ్చిన మాట మన వైపు ఎవరికైనా వేళాకోళమే. నా జీవితంలో నేను ఆడిన నిజాల్లో అదే గట్టిది, దానికి అంత నవ్వు వచ్చింది. మళ్ళీ నోరు విప్పబోతే సిస్టర్, "పేషెంటే చెప్పాలండీ" అని మర్యాదగానే నన్ను బయట కూర్చోబెట్టింది.

ప్రశ్నలయ్యాక బావ బయటికొస్తే, డాక్టరమ్మ వెనకే వరండాలోకి వచ్చి ఇంకోసారి అడిగింది. పాపం, అడగలేదని అనను. "నిజం చెప్పండి, మెషిన్ తీసేస్తే ఇబ్బంది పడతారా?" అంది. లోపల పెద్దలు వింటున్నారు. "మీరుండగా నాకేం ఇబ్బందమ్మా" అన్నాడు. ఆవిడ తలూపి లోపలికి వెళ్ళింది. ఎల్లుండి మనుషులొచ్చి మెషిన్ తీసుకెళ్తారని సిస్టర్ చెప్పింది.

తిరుగు బస్సు మధ్యాహ్నం ఒంటిగంటకి. ఎండ కిటికీలోంచి ఒళ్ళోకి వచ్చి కూర్చుంది. కానూరు దాటినా నా కోపం దిగలేదు.

"ఆ డాక్టరమ్మ మొహం చూశావా? పెద్దలు ఎంత మెచ్చుకున్నారో!" అన్నాడు బావ.

"మెషిన్ పోయింది బావా."

"పైకి అలా అంటారోయ్. ఆవిడ పరువు నేను నిలబెట్టాను, నా సంగతి ఆవిడ చూడదూ?"

అదీ లెక్క. మిల్లులో యజమాని మాట కాపాడితే పండక్కి యజమాని బట్టలు పెట్టేవాడు, ఆసుపత్రి కూడా అంతేననుకున్నాడు. ఆవిడేమో ఆయన మాటని గౌరవించి, చెప్పింది చెప్పినట్టే రాసుకుంది. ఇద్దరూ మంచివాళ్ళే. అందుకే ఎవర్ని తిట్టాలో తెలియక నాకు ఒళ్ళు మండిపోయింది. రోగి సుఖం కోసమే పెట్టిన పరిశోధనలో, రోగి మొహమాటాన్ని కొలిచే క్లిప్పు మాత్రం లేకపోయింది. మీ ఇంట్లో ఇలాంటి మనిషి ఉండి అక్కడికి తీసుకెళ్ళాల్సి వస్తే, బావమరిదిని పంపకండి. భార్యని పంపండి, ఆవిడ ఏడిస్తేనన్నా నమ్ముతారు.

కంకిపాడులో దిగాం. బస్సు వదిలిన పొగ ఇంకా పోలేదు. బావ రెండడుగులు వేసి కరెంటు స్తంభం పట్టుకున్నాడు. పెదాలు నేరేడుపళ్ళ రంగుకి తిరిగాయి, పౌడరంతా చెమటకి చారలు కట్టింది. చుట్టూ చూశాడు. తెలిసినవాళ్ళెవరూ లేరు.

"సత్యం," అన్నాడు నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "నాకు ఊపిరాడట్లేదురా."

నాతో కూడా ఆ మాట అనడం అదే మొదటిసారి.