నాకు రావలసిన థాంక్స్

డార్విన్‌లో విమానం దిగేసరికి ముప్పై తొమ్మిది డిగ్రీలు. నవంబర్ మొదటి వారం. అక్కడి వాళ్ళు ఆ కాలాన్ని బిల్డప్ అంటారు. వాన పడదు. పడతానని రోజంతా ఉరుముతూనే ఉంటుంది. చొక్కా ఒంటికి అతుక్కుంటే సాయంత్రం దాకా ఊడదు. ట్రక్కులో దక్షిణానికి మూడు గంటల దారి. ఎర్ర దుమ్ము, మనిషెత్తు చెదపుట్టలు, సగం కాలిన యూకలిప్టస్ చెట్లు. ఆ చివర మా శిబిరం.

నేను ఆస్ట్రేలియా సైన్యంలో సిగ్నల్స్ కార్పొరల్‌ని. గుంటూరు నుంచి అడిలైడ్‌కి చదువుకోడానికి వచ్చి, సిటిజన్‌షిప్ వచ్చాక సైన్యంలో చేరాను. రేడియో నా పని. అది నా బ్యాడ్జి మీద ఉంటుంది. అయినా మా లెఫ్టినెంట్ నన్ను చూసి అన్న మొదటి మాట, "కొత్త వంటవాడివి నువ్వేనా?" సారీ చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు. స్టోర్స్‌లో ఇచ్చిన దోమతెరకి జానెడు చిరుగు. మార్చమంటే "కుట్టుకో మేట్" అన్నాడు స్టోర్స్ వాడు. కుట్టుకున్నాను. మర్చిపోలేదు.

నా ట్రక్కు డ్రైవర్ తెలుగువాడే. సొంతూరు కరీంనగర్. అతనూ అడిలైడ్‌లోనే, మాసన్ లేక్స్ క్యాంపస్‌లో చదివి సైన్యంలోకి వచ్చాడు. నా పేరు చూసి, "అన్నా, మనోళ్ళేనా?" అంటూ నా కిట్ బ్యాగు అందుకున్నాడు. ఆ శిబిరంలో నన్ను సరైన పేరుతో పిలిచినవాళ్ళు లేరు. అన్నా అని పిలిచింది అతనొక్కడే.

రెండో వారంలో ఒక గుట్ట మీద రేడియో మాస్ట్, అదే యాంటెన్నా స్తంభం, నిలబెట్టమన్నారు. ఇద్దరమే వెళ్ళాం. పొద్దుటి నుంచి డ్రైవర్ ఇసక బస్తాలు మోస్తున్నాడు. ఒంటిగంటన్నర అప్పుడు చూస్తే అతని మొహం పొడిగా ఉంది. ఆ ఎండలో చెమట ఆగిపోవడం అంటే ఏమిటో మాకు శిక్షణలోనే చెప్పారు.

"నీళ్ళు తాగావా?" అన్నాను.

"అన్నా, బస్సు పోతది. జల్ది ఎక్కు," అన్నాడు. అక్కడ బస్సు లేదు.

రెండు చంకల కింద చేతులు పెట్టి ట్రక్కు కిందికి ఈడ్చాను. చొక్కా కోసేశాను. అతని నీళ్ళు ఎప్పుడో అయిపోయాయి. నా నీళ్ళన్నీ అతని మెడ మీద, చంకల్లో, తొడల మీద పోశాను. తలకింద నా టోపీ మడిచి పెట్టి రేడియో తీశాను.

"జీరో, దిస్ ఈజ్ త్రీ టూ. హీట్ క్యాజువాలిటీ ఒకటి. చెమట లేదు. మాట తడబడుతోంది. ఓవర్."

"త్రీ టూ, మెడిక్ బయల్దేరింది. చల్లబరుస్తూనే ఉండండి. ఓవర్."

నలభై నిమిషాలు అట్టపెట్టెతో విసురుతూ కూర్చున్నాను. నా నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. మెడిక్ వచ్చింది, ఐసు తెచ్చింది, సెలైన్ పెట్టింది, హెలికాప్టర్‌లో తీసుకెళ్ళింది. నువ్వేం తాగావని నన్ను అడిగినవాళ్ళు లేరు. ఇంకో పావుగంట ఆలస్యమైతే డ్రైవర్ దక్కేవాడు కాదని ఆస్పత్రిలో అన్నారట. ఆ మాట కూడా నాకు వంటగది వరసలో నిలబడ్డప్పుడు తెలిసింది.

నాలుగు రోజులకి డ్రైవర్ తిరిగొచ్చాడు. మర్నాటి నుంచి పొద్దున్నే ట్రక్కు బానెట్ మీద రెండు స్టీలు కప్పులు పెట్టి, చిన్న స్టవ్ మీద టీ కాచేవాడు. ముందు నా కప్పు నింపేవాడు. మిగిలింది అతను పోసుకునేవాడు. చక్కెర ఎక్కువ. చెప్పినా తగ్గించలేదు.

మా పక్కనే అమెరికన్ల చిన్న దళం ఒకటి ఉండేది. వాళ్ళ వంటగది సార్జెంట్ నవంబర్ చివర్లో, గురువారం సాయంత్రం, మమ్మల్ని థాంక్స్‌గివింగ్ పండగ విందుకి పిలిచాడు. టర్కీ కోడి, డబ్బా పండ్ల జామ్, చిలకడదుంపలు. టెంట్‌లో నాలుగు ఫ్యాన్లు వేడిగాలినే తిప్పుతున్నాయి. దూరంగా మెరుపులు. సార్జెంట్ ఇంటి ముఖం చూడని మూడో పండగట అది.

"ఒకటే రూల్," అన్నాడు సార్జెంట్. "లేచి నిలబడి, ఈ ఏడాది మీకు మేలు చేసినవాళ్ళ పేరు చెప్పాలి. చెప్పాకే ప్లేటు. ఇంట్లో కూర్చుని చెప్పడం తేలిక. ఇక్కడ చెప్పండి."

వరసగా లేస్తున్నారు. డ్రైవర్ వంతు వచ్చింది. నేను చేతిలో తిప్పుతున్న స్పూను కింద పెట్టాను. అతను మెడిక్‌కి థాంక్స్ అన్నాడు. ఆ రోజు తన వంటగది ఐసు ఇచ్చినందుకు సార్జెంట్‌కి అన్నాడు. హెలికాప్టర్ రప్పించినందుకు లెఫ్టినెంట్‌కి అన్నాడు. కూర్చున్నాడు.

నా వంతు చివరిది. "నా నీళ్ళ క్యాన్‌కి థాంక్స్," అన్నాను. "పాపం, దాన్ని ఎవరూ తలుచుకోలేదు." అందరూ నవ్వారు. డ్రైవర్ నవ్వలేదు. పళ్ళెం అతని దగ్గరికి రాగానే లెగ్ పీసు తీసి నా ప్లేటులో వేశాడు. నేను దాన్ని ముట్టలేదు.

మర్నాడు టీ దగ్గర అడిగాను. "ఐసుక్కూడా థాంక్స్ చెప్పావు. నాకు చెప్పటానికి నోరు రాలేదా?"

అతను నిజంగానే తెల్లబోయాడు. "నీకు థాంక్స్ ఏందన్నా? నువ్వేమన్న బయటోడివా? మా అమ్మకే ఎన్నడు చెప్పలె."

"నేను మీ అమ్మని కాదు. కార్పొరల్‌ని. పదిమంది ముందు చెప్పాలి."

"గట్లంటవా?"

"అట్లాగే అంటున్నా."

స్టవ్ ఆర్పాడు. "సరే," అన్నాడు. నా కప్పు నింపాడు. ఎప్పటిలాగే, ముందు నాదే.

ఆ సాయంత్రం లెఫ్టినెంట్ ఆర్డర్లు చదివి, ఎవరైనా ఏమైనా చెప్పాలా అని అడిగాడు. డ్రైవర్ లేచి అటెన్షన్‌లో నిలబడ్డాడు. చక్కటి ఇంగ్లీషులో, గుట్ట మీద ఏం జరిగిందో అంతా చెప్పాడు. నీళ్ళ సంగతితో సహా. చివర్లో నా వైపు తిరిగి, "థాంక్యూ, కార్పొరల్," అన్నాడు. చప్పట్లు కొట్టారు. లెఫ్టినెంట్ కూడా కొట్టాడు. నాకు రావలసింది నాకు వచ్చింది.

ఆ తరవాత మూడు వారాలు ఒకే ట్రక్కులో తిరిగాం. ఏ పనీ ఆగలేదు, ఏ ఆర్డరూ తప్పలేదు. "యెస్, కార్పొరల్." "నో, కార్పొరల్." రేడియోలో తెలుగు వద్దని లెఫ్టినెంట్ ఎప్పటి నుంచో గొణిగేవాడు. ఇక ఆ గొడవే లేదు. ట్రక్కులో కూడా తెలుగు వినపడలేదు. డార్విన్ ఎయిర్‌పోర్ట్‌లో నాకు సిడ్నీ విమానం, అతనికి అడిలైడ్ విమానం. చెయ్యి చాపాడు. "థాంక్యూ, కార్పొరల్." ఫోన్ నంబర్ అడగలేదు. నేనూ ఇవ్వలేదు.

ఇప్పుడు సిడ్నీ శివారు స్కోఫీల్డ్స్‌లో మా ఇల్లు. యూనిఫాం వదిలేశాను. మా అమ్మాయికి స్కూల్లో నేర్పారు, రోజూ రాత్రి భోజనాల దగ్గర ఒక్కొక్కరు ఒక్కో మంచి విషయం చెప్పాలట. "డాడ్, యువర్ టర్న్," అంటుంది. "చెప్పండి, అది వదలదు," అంటుంది మా ఆవిడ. నేను మంచినీళ్ళు అంటాను. రోజూ అదే. "డాడ్, యూ సెడ్ దట్ యెస్టర్‌డే."

నేను అడిగిందాంట్లో తప్పు లేదు. ఇప్పటికీ అదే అంటాను. నా నీళ్ళు, నా నలభై నిమిషాలు. కానీ కళ్ళు మూసుకుంటే గుట్ట కనపడదు, చప్పట్లు వినపడవు. ఆ చప్పట్ల మర్నాటి ఉదయమే కనపడుతుంది. ట్రక్కు బానెట్, దాని మీద ఎర్ర దుమ్ము. డ్రైవర్ అవతల, నాకు వీపు పెట్టి, తన టీ తాను తాగుతున్నాడు. బానెట్ మీద ఎప్పుడూ పెట్టే చోటే నా కప్పు. బోర్లించి ఉంది. శుభ్రంగా కడిగి పెట్టాడు.